తగ్గిన అంకె, పెరిగిన మీటరు

డేటా సెంటర్లు కరెంటు తాగేస్తున్నాయని ఎవరైనా అనగానే పరిశ్రమ వాళ్లు ముందుగా చూపించే అంకె ఒకటుంది: పీయూఈ. భవనంలోకి వచ్చిన మొత్తం కరెంటును కంప్యూటర్లకు అందిన కరెంటుతో భాగిస్తే వచ్చేదే ఇది. 1 వస్తే అంతకు మించింది లేదు. 2 వస్తే, కంప్యూటర్లకు ఒక యూనిట్ అందించడానికి హాలును చల్లబరిచే చిల్లర్లు, యూపీఎస్‌లు, లైట్లు కలిసి మరో యూనిట్ మింగాయన్నమాట. గ్రీన్ గ్రిడ్ అనే పరిశ్రమ కూటమి 2007లో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. 2016లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇవాళ ఈ రంగంలో విద్యుత్ సామర్థ్యం అంటే పీయూఈ అన్నట్టే అయిపోయింది. అంకె తగ్గితే చాలు, ఆ కేంద్రానికి 'గ్రీన్' ముద్ర పడిపోతుంది.

ఈ నమ్మకం తప్పు. పైగా, నిజంగా పొదుపు చేసినవాణ్ణి శిక్షించే తప్పు.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక కేంద్రంలో సర్వర్ల లోడు 1,000 కిలోవాట్లు. కూలింగ్, యూపీఎస్ నష్టాలు వగైరా కలిపి 400. పీయూఈ 1.4. అక్కడి ఇంజనీరు బుద్ధిమంతుడు. ఏ పనీ లేకుండా ఊరికే నడుస్తున్న పాత సర్వర్లను వెతికి వెతికి ఆపేశాడు. సర్వర్ల లోడు 700కు దిగింది. కూలింగ్ భారమూ తగ్గింది గానీ అదే నిష్పత్తిలో తగ్గలేదు. ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్‌లు, పంపులు లోడు ఎంత దిగితే అంతా దిగే రకం కాదు కదా. 340 దగ్గర ఆగిందనుకుందాం. మొత్తం వాడకం 1,400 నుంచి 1,040కి పడింది. బిల్లులో నాలుగో వంతుకు పైగా మిగిలింది. పీయూఈ మాత్రం 1.4 నుంచి దాదాపు 1.49కి చెడింది. నెలాఖరు రివ్యూలో ఆ ఇంజనీరుకు దక్కేది మెచ్చుకోలు కాదు, సంజాయిషీ నోటీసు.

దీనికి తలకిందుల సంగతి కూడా ఉంది. సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే అనే శీతలీకరణ ఇంజనీర్ల సంస్థ సిఫారసు. చాలా హాళ్లలో అవసరానికి మించి చలి పెడుతున్నారు కాబట్టి, ఆ హద్దుల్లో వేడిని కొంచెం పెంచడం మంచి పనే. కానీ హద్దు దాటి పెంచుకుంటూ పోతే సర్వర్ల లోపలి చిన్న ఫ్యాన్లు వేగం పుంజుకుంటాయి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది లాగే కరెంటు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ఆ ఫ్యాన్లు సర్వర్ డబ్బాలోనే ఉంటాయి కాబట్టి అవి తినేదంతా 'కంప్యూటర్ల వాడకం' కిందే జమ. చిల్లర్ లోడు తగ్గి, ఫ్యాన్ల లోడు పెరిగి, మొత్తం వాడకం ఎక్కువైనా సరే, పీయూఈ మెరుగుపడి కూర్చుంటుంది.

అసలు లోపం ఇక్కడే ఉంది. కంప్యూటర్లకు చేరిన ప్రతి యూనిట్టూ సద్వినియోగమైనట్టే ఈ లెక్క భావిస్తుంది. గోదాముకు బియ్యం చేర్చిన లారీ డీజిల్ ఖర్చును పైసల్తో సహా రాసి, లోపల ఎలుకలు తిన్న బస్తాల ఊసే ఎత్తకపోవడం లాంటిది ఇది. లూయిస్ బరోసో, ఉర్స్ హోల్జిలే అనే గూగుల్ ఇంజనీర్లిద్దరు ఆ ఎలుకల సంగతి 2007లోనే రాశారు. సర్వర్లు ఎక్కువ సమయం తమ సామర్థ్యంలో 10 నుంచి 50 శాతం పనితోనే గడుపుతాయనీ, ఖాళీగా ఉన్నప్పుడు కూడా గరిష్ఠ వాడకంలో సుమారు సగం లాగుతాయనీ వాళ్లు చూపించారు. పీయూఈ ప్రచారంలోకి వచ్చిందీ అదే ఏడాది. పరిశ్రమ వాటిలో దేన్ని తలకెత్తుకుందో చెప్పనక్కర్లేదు.

అవతలి పక్షానికి బలమైన వాదన లేకపోలేదు. ఎరిక్ మసానెట్ బృందం 2020లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2010, 2018 మధ్య ప్రపంచ డేటా సెంటర్ల పని 550 శాతం పెరిగితే కరెంటు వాడకం 6 శాతమే పెరిగింది. ఇది గొప్ప విజయం, కాదనను. అయితే అది పీయూఈ ఒక్కదాని విజయం కాదు. సర్వర్లు, డిస్కులు మెరుగుపడ్డాయి. వర్చువలైజేషన్ వల్ల పది యంత్రాల పని ఒక యంత్రంలో ఇమిడింది. ఆఫీసుల మూలగదుల్లో నడిచే సర్వర్లు భారీ కేంద్రాలకు తరలిపోయాయి. అంటే లాభంలో పెద్ద వాటా, పీయూఈ కొలవని చోటు నుంచే వచ్చింది.

ఆ లాభం ఎంతకాలం నిలిచిందో కూడా చూడాలి. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ సర్వేల్లో సగటు పీయూఈ 2007లో 2.5; 2024లో 1.56. ఆ తగ్గుదలలో అత్యధికం మొదటి కొన్నేళ్లలోనే అయిపోయింది, తర్వాత దాదాపు పదేళ్లుగా అంకె పెద్దగా కదల్లేదు. మీటరు మాత్రం కదిలింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల అంచనాలో అమెరికా డేటా సెంటర్ల వాడకం 2014లో 5,800 కోట్ల యూనిట్లు. 2023లో 17,600 కోట్లు. ఇక పీయూఈలో ముందు వరుసలో ఉన్న గూగుల్‌నే తీసుకోండి. 2020లో దాని సగటు 1.10, 2024లో 1.09. అదే కాలంలో దాని డేటా సెంటర్ల వాడకం ఏడాదికి 1,440 కోట్ల యూనిట్ల నుంచి 3,080 కోట్లకు, అంటే రెట్టింపు దాటింది. 1.09 దగ్గర ఇక పిండుకోవడానికి మిగిలింది తొమ్మిది పైసలే. మిగతా రూపాయి సంగతి అడిగేవాళ్లేరి?

అడగకపోవడానికి కారణం డబ్బు లెక్కల్లో ఉంది. అద్దె డేటా సెంటర్లలో భవనం ఒకరిది, సర్వర్లు మరొకరివి. యజమాని కిలోవాట్ల లెక్కన చోటు అమ్ముతాడు, కరెంటు బిల్లు అద్దెదారు మీదికి నెడతాడు. పీయూఈ యజమాని భాగాన్నే కొలుస్తుంది. అద్దెదారు సర్వరు ఖాళీగా నడిచినా యజమానికి నష్టం లేదు, పైగా అంకె బాగుంటుంది. టెలికాంలోనూ ఇదే తంతు. మన దేశంలో చాలా చోట్ల టవరు ఒక కంపెనీది, దాని మీది రేడియోలు ఆపరేటర్లవి. కరెంటు, డీజిల్ ఖర్చు టవర్ కంపెనీ పెట్టి ఆపరేటర్ల నుంచి రాబట్టుకుంటుంది. ఏసీ షెల్టర్లు తీసేసి పరికరాలను ఆరుబయట పెట్టడం, పాత రెక్టిఫయర్లు మార్చడం వంటి పనులు జరిగాయి, మంచిదే. కానీ మొబైల్ నెట్‌వర్క్ కరెంటులో సింహభాగం రేడియోలది. అర్ధరాత్రి రెండు గంటలకు పలికేవాడు లేకపోయినా అవి సిగ్నల్ చల్లుతూనే ఉంటాయి. వాటిని నిద్రపుచ్చే సాఫ్ట్‌వేర్ ఉంది, కవరేజీ మీద ఫిర్యాదులొస్తాయని వాడటానికి జంకుతారు. 'బిట్‌కు కరెంటు తగ్గింది' అని 5జీ ప్రచారకులు చెప్పేది నిజమే. నెల బిల్లు వచ్చేది మాత్రం బిట్‌కు కాదు.

ఇదంతా మనకెందుకంటే, 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి కేంద్రం పెడతానని ప్రకటించింది. గిగావాట్ అంటే పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రపు 2,000 మెగావాట్లలో సగం. ఏకబిగిన లాగితే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. అక్కడ 1.5కు బదులు 1.1 సాధిస్తే మిగిలేది వందల మెగావాట్లు, అది చిన్న విషయం కాదు. కానీ గూగుల్ ఫిన్లాండ్‌లోని హమినాలో చల్లని సముద్రపు నీటితో సాధించిన అంకెను విశాఖ ఉక్కపోతలో ఆశించగలమా? విశాఖ లాగే ఉక్కగా ఉండే సింగపూర్ 2022లో కొత్త కేంద్రాలకు పెట్టిన హద్దు 1.3. అంతకన్నా కిందికి దిగడానికి నీటిని ఆవిరి చేసే దారి ఒకటుంది. ఒక మెగావాట్ వేడిని అచ్చంగా ఆవిరితోనే వదిలించుకుంటే గంటకు సుమారు 1,500 లీటర్లు పోతాయి. ఆ నీళ్లు పీయూఈలో ఎక్కడా కనపడవు. మేఘాద్రిగెడ్డ, రైవాడ, ఏలేరు నీళ్ల కోసం వేసవిలో ఎదురుచూసే నగరానికి మాత్రం కనపడతాయి.

కాబట్టి పీయూఈ ఒక్కటి చూసి రాయితీలు ఇవ్వడం మానాలి. ఏడాదికి మొత్తం యూనిట్లు ఎన్ని, నీళ్లు ఎన్ని, సర్వర్లలో సగటున ఎంత శాతం పనిచేస్తున్నాయి, జనరేటర్లు ఎన్ని గంటలు నడిచాయి అన్న లెక్కలు ఏటా బహిరంగంగా చెప్పాలన్న షరతును రాయితీ జీవోలోనే రాయాలి. వ్యాపార రహస్యమనే సాకు చెల్లదు. ఐరోపా సమాఖ్యలో 500 కిలోవాట్ల సర్వర్ లోడున్న కేంద్రం కూడా 2024 నుంచి ఏటా విద్యుత్తు, నీటి లెక్కలు అప్పగించాల్సిందే. విశాఖకు వస్తున్నది దానికి రెండు వేల రెట్లు.