గాలి కొలవని జీపుకు పెద్ద టైర్లా?



వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెడతా ఉన్నారు. సంఘం జీపుకు ఇప్పుడుండే టైర్లు పీకేసి, 265/75 ఆర్16 సైజు మడ్ టైర్లు ఐదు, వాటికి వెడల్పు అల్లాయ్ చక్రాలు ఐదు కొనాలట. కొటేషను లక్షన్నర దాటింది. డబ్బు పిల్లల చదువు నిధి నుంచి "తాత్కాలికంగా" తీసుకుంటారట. సంఘం లెక్కలు చూసిన పాతవాళ్ళం మేము దీన్ని ఎదిరిస్తా ఉన్నాము. సభలో మాట్లాడడానికి ఐదు నిమిషాలే ఇస్తారు కాబట్టి విషయం ఇక్కడే పూర్తిగా రాస్తున్నాము. మేము బడిలో చదివింది తమిళం, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చినది. టైరు లెక్క మాత్రం ఏ భాషలో వేసినా ఒకటే వస్తుంది.

మొదట జీపు ఎందుకు కొన్నామో గుర్తు చేసుకుందాం. తేరి ఇసక దాటి కులదైవం గుడికి ముసలివాళ్ళను తీసుకుపోవడానికి, కడలోర పల్లెల్లో ఉండే మనవాళ్ళ ఇళ్ళకు ఆపద సమయంలో చేరడానికి. సాయర్‌పురం వైపు, కుదిరైమొళి వైపు తేరి చూసినవాళ్ళకు తెలుసు, అది గాలి తెచ్చి పోసిన ఎర్ర ఇసక, సన్నంగా పొడిగా ఉంటుంది. అడుగు పెడితే చీలమండ దాకా దిగుతుంది. అందులో బండి ఇరుక్కుంటే ఆంబులెన్సు కూడా లోపలికి రాదు. కాబట్టి టైరు సంగతి చిన్నది అని మేము అనడం లేదు. తప్పు టైరు కొనకూడదు అంటున్నాము.

పోయిన పండగకు జీపు ఇసకలో దిగబడి, షుగరు ఉన్న ఒక పెద్దమ్మ రెండు గంటలు ఎండలో కూర్చున్నది నిజం. తీర్మానం పెట్టినవాళ్ళు ప్రతి చోటా దాన్నే చెప్తున్నారు. అయితే ఆ రోజు టైరులో గాలి ఎంత ఉండింది? మేము అడిగాము. 35 పౌండ్లు. తారు రోడ్డు మీద ఎంత పెట్టారో అంతే. జీపులో గాలి కొలిచే గేజి లేదు, గాలి కొట్టే కంప్రెసరు లేదు, పార కూడా లేదు. చివరికి పక్క ఊరి ట్రాక్టరు వచ్చి లాగింది. గేజి లేని బండికి లక్షన్నర టైర్లు వేయడం, త్రాసు లేని అంగడికి బంగారు కల్లాపెట్టె కొనడం లాంటిది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మనుషులు, సామాను ఎక్కితే మన పాత థార్ సుమారు 2,200 కిలోలు. ఒక్కో చక్రం మీద 550 కిలోలు. 35 పౌండ్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి. భాగిస్తే ఒక్కో టైరు నేలను తాకే చోటు సుమారు 220 చదరపు సెంటీమీటర్లు. అదే టైరులో గాలి 18 పౌండ్లకు దింపితే ఆ చోటు సుమారు 430 అవుతుంది. టైరు పక్క గోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే, అయినా దాదాపు రెట్టింపు. ఖర్చు సున్నా. వాల్వు పిన్ను నొక్కడానికి ఒక పుల్ల చాలు.

వాళ్ళు కొనాలనే టైరు వెడల్పు 265, ఇప్పటిది 235. మూడు సెంటీమీటర్లు ఎక్కువ. అందులో మళ్ళీ 35 పౌండ్లే కొడితే నేలను తాకే చోటు పెద్దగా మారదు, ఎందుకంటే బరువు అదే, ఒత్తిడి అదే. పెద్ద టైరు ఉపయోగం గాలి దింపినప్పుడే బయటికి వస్తుంది. రైల్వేలో పని చేసిన ఎవరిని అడిగినా చెప్తారు, పట్టా కింద స్లీపరు, స్లీపరు కింద కంకర ఎందుకు వేస్తారో. బరువును పరచడానికి. టైరులో ఆ పరిచే పని చేసేది గాలి తగ్గించడమే.

ఇంకో మాట. గాలి దింపిన టైరు వెడల్పులో కన్నా పొడవులో ఎక్కువ పరుచుకుంటుంది. ఇసకలో కావలసింది ఆ పొడవే. ఉత్త వెడల్పు టైరు ముందర ఇసక గోడను నెట్టుకుంటూ పోతుంది. పైగా మడ్ టైరు పెద్ద పెద్ద దిమ్మలు బురదను తవ్వడానికి చేసినవి. పొడి ఇసకలో చక్రం ఒకసారి గిర్రున తిరిగిందంటే అవి గుంత తవ్వి, బండిని యాక్సిలు మీద కూర్చోబెడతాయి. ఇసకకు ఆల్ టెరైన్ రకం మేలు.

"పెద్ద టైరు వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది కదా" అంటారు. పెరుగుతుంది. ఎంత? ఇప్పటి టైరు ఎత్తు 735 మిల్లీమీటర్లు, వాళ్ళు చెప్పేది 804. తేడాలో సగమే నేల నుంచి ఎత్తుగా వస్తుంది, అంటే 34 మిల్లీమీటర్లు. దానికి ఇచ్చే వెల చూడండి. చక్రం తొమ్మిది శాతం పెద్దదైతే ఇసకలో ఎక్కువ కావలసిన లాగుడు బలం సుమారు అంత మేరకు తగ్గుతుంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 65 దాటి పోతా ఉంటుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకుకు ఎక్కువ పని. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. అది ఆపడానికి సస్పెన్షను పైకి లేపాలి, దానికి ఇంకో బిల్లు. ముసలివాళ్ళు ఎక్కే మెట్టు కూడా పైకి పోతుంది. అది కొటేషనులో లేదు.

2023 డిసెంబరు వానలను కొందరు గుర్తు చేస్తున్నారు. ఆ వానల్లో శ్రీవైకుంఠం స్టేషనులో నిండు రైలే ఆగిపోయి, వందల మంది ప్రయాణికులు చిక్కుకున్నారు. రైలు ఆగిన నీళ్ళలో 34 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్న జీపు ఏం చేస్తుంది? వరద పేరు చెప్పి ఇసక టైరు అమ్మకండి తమ్ముళ్ళారా.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహన చట్టం 1988, 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. రేపు ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తే ఎవరు బాధ్యులు? తీర్మానం మీద సంతకం పెట్టిన అందరమూ.

ధనుష్కోటికి 1964 తుపానులో రైలు పట్టాలు పోయాయి, తారు రోడ్డు 2017లో వచ్చింది. నడుమ ఎన్నో ఏళ్ళు వ్యాన్‌లు ఇసక మీదనే యాత్రికులను మోసాయి. వాటిలో పోయినవాళ్ళం మనలో చాలామంది ఉన్నాము. సినిమా చక్రాలున్న వ్యాను ఒక్కటైనా చూశామా?

మేము వద్దు అని చెప్పి ఊరుకోవడం లేదు. మా సవరణ ఇది.

ఒకటి, ఈ నెలలోనే గేజి, 12 వోల్టుల కంప్రెసరు, పార, లాగే పట్టీ, చక్రం కింద వేసే పలకలు కొనాలి. ఇవన్నీ కలిపినా ఒక అల్లాయ్ చక్రం, టైరు వెలకు అటూ ఇటూగా వస్తాయి.

రెండు, ఇసక దిగే ముందు గాలి 18 పౌండ్లకు దించాలి. ఇరుక్కుంటే 15. అంతకన్నా కింద టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది, కాబట్టి దించకూడదు. గాలి తక్కువున్నప్పుడు వేగంగా వంపు తిప్పకూడదు. తారు ఎక్కే ముందు మళ్ళీ కొట్టాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. ఈ నాలుగు మాటలు డ్రైవరు సీటు ముందర అంటించాలి.

మూడు, ఇప్పటి టైర్ల పక్క గోడ మీద తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. అవి చూసి, ముసలివైతే మార్చాలి. అదే సైజులో ఆల్ టెరైన్ రకం చాలు. పెద్దదే కావాలంటే అదే 16 అంగుళాల రిమ్ము మీద 245/75 దాకా పోవచ్చు. 19 మిల్లీమీటర్ల పక్క గోడ ఎక్కువ వస్తుంది, ఇసకలో అదే పనికొచ్చేది. బరువు మోసే సూచిక పాతదాని కన్నా తగ్గకూడదు. అది కూడా ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు దగ్గర రాతపూర్వకంగా సరే అనిపించుకున్న తర్వాతే.

నాలుగు, చదువు నిధిని ముట్టకూడదు. తాత్కాలికంగా తీసిన డబ్బు ఎంత కాలానికి తిరిగి వస్తుందో సంఘం పాత పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది. జూన్‌లో ఫీజు కట్టలేని పిల్లకు అల్లాయ్ చక్రం చూపించి ఏం చెప్తాము?

తీర్మానం పెట్టిన తమ్ముళ్ళ మీద మాకు కోపం లేదు. జీపు తుడిచేది, డీజిలు పోసేది, అర్ధరాత్రి పిలిచినా వచ్చేది వాళ్ళే. అందుకే అడుగుతున్నాము. సభకు ముందు ఒక ఉదయం జీపును తేరికి తీసుకురండి. పాత టైర్లే, గాలి 18. ఎక్కడ దిగబడిందో అక్కడి నుంచే మళ్ళీ నడపండి. అప్పటికీ దిగబడితే మీ తీర్మానం గురించి కూర్చుని మాట్లాడుదాం. దాటితే మా సవరణకు చెయ్యి ఎత్తండి.