గ్రామసభకు రండి, చివరి పేట మాట ముందు విందాం

సఖినేటిపల్లి మండల ప్రజలకు విజ్ఞప్తి



2022 నుంచి మన జిల్లాకు అంబేడ్కర్ పేరుంది. ఆ పేరు పెట్టవద్దంటూ ఆ ఏడాది మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను పొగడలేదు. ఊరంటే సంకుచితత్వానికీ కులమత పక్షపాతానికీ నెలవన్నారు. ముసాయిదా రాజ్యాంగం ఊరిని పక్కనపెట్టి మనిషినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించారు. అదే నెలలో సభ్యుడు సంతానం ప్రతిపాదనతో పంచాయతీలు ఆదేశిక సూత్రాల్లో చేరాయి. గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దక్కింది మాత్రం 73వ సవరణతో, 1993 ఏప్రిల్ 24న. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ సీట్లు కేటాయించింది కూడా ఆ సవరణే. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో తాగునీరు ఉంది, చేపల పెంపకం ఉంది, రేవు దాటించే పడవలూ ఉన్నాయి. నరసాపురం పంటు ఎక్కే మనకు ఇంతకంటే దగ్గరి సంగతేముంది?

కానీ చాలాచోట్ల సభ ఎలా జరుగుతోంది? ముందు కుర్చీల్లో ఎప్పుడూ కూర్చునే పెద్దలే. ఊరి చివరి దళిత పేట నుంచి వచ్చినవాళ్లు గోడవార నిలబడతారు. ఆడవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. జనం చాలకపోతే తీర్మానాల పుస్తకం సంతకాల కోసం ఇంటింటికీ తిరుగుతుంది. ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర పడిపోతుంది. అంబేడ్కర్ అనుమానాన్ని మనమే నిజం చేస్తున్నాం.

అందరూ కలిసి కూర్చోవడం అసాధ్యమేమీ కాదు. సిరియాలోని జజీరా ప్రాంతంలో కుర్దులు, అరబ్బులు, సిరియాక్ క్రైస్తవులు 2014లో సామాజిక ఒడంబడిక రాసుకున్నారు. ముగ్గురి భాషలకూ అధికార హోదా ఇచ్చారు, శాసనసభలో స్త్రీలు 40 శాతానికి తగ్గకూడదన్నారు. అదీ యుద్ధం నడుస్తుండగా! మనకు చట్టం చేతిలోనే ఉంది.

సర్పంచులకూ కార్యదర్శులకూ మనవి. కూలికీ చేపల వేటకూ వెళ్లినవాళ్లు తిరిగొచ్చే వేళకు సభ పెట్టండి. ఒక్కసారైనా చివరి పేటలోనే పెట్టండి. మొదట అక్కడివాళ్లను, అందులోనూ ఆడవాళ్లను మాట్లాడనివ్వండి.

ముందు వరసలో కూర్చునే మా పెద్దలకూ ఒక మాట. గోడవార నిలబడ్డవాళ్లను పేరుపెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు అడిగేది మంచినీళ్ల కుళాయి, శ్మశానానికి దారి. ఎవరి పొలమూ కాదు.

అంతర్వేది నుంచి అప్పనరామునిలంక దాకా అందరూ రండి. రాసిన తీర్మానాన్ని అక్కడికక్కడే పైకి చదవమనండి. చదివి వినిపించకపోతే సంతకం పెట్టకండి.

ఇట్లు,
సఖినేటిపల్లి ఓటరు