గాలం వేసే తమ్ముళ్లూ, మిరుగు నుంచి రెండు నెలలు ఆగుదాం



రోహిణి ఎండలు అయిపోవస్తున్నయి. ఇంకొన్ని రోజులకు మిరుగు. విత్తనాలు, దుక్కుల గురించి మాట్లాడుకునే టైం ఇది. కానీ ఈసారి చెరువు గురించి ఒక మాట చెప్పాలనిపించింది. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

నేను కూడా గాలం వేసేటోణ్నే. పొలం పని లేని రోజు కట్ట మీద కూర్చొని బెండు దిక్కు చూస్తుంటే ఉండే సుఖం మీకు తెలియంది కాదు. కాలాన్ని బట్టి చేప ఎట్లా మారుతదో అక్కడ కూర్చునే నేర్చుకున్న.

ఎండాకాలం నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతది. అందుకే మధ్యాహ్నం చేప లోతుకు, నీడకు పోతది. పొద్దున, సాయంత్రమే ఎర ముట్టుకుంటది. రెండు మూడు రోజులు మబ్బు పట్టి ఉంటే తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తయి. అది ఆకలి కాదు, ఊపిరాడక. అప్పుడు ఏ ఎర వేసినా లాభం లేదు. చలికాలం రవ్వ, బొచ్చె మందంగ ఉంటయి, ఎండెక్కినంకనే కదులుతయి.

ఇక తొలి వానలకు వాగు నుంచి ఎర్ర నీళ్లు దిగినప్పుడు చూడాలె! చేపలన్నీ కొత్త నీళ్లు వచ్చే దిక్కు పోతయి. వానపామును గుచ్చి వేస్తే చాలు, బెండు మునుగుతనే ఉంటది. గాలానికి ఇంత మంచి కాలం ఏడాదిలో ఇంకోటి లేదు. నా బాధ అంతా ఈ కాలం గురించే.

ఆ చేపలు తిండికి మాత్రమే రావు, చాలా వరకు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతయి. రవ్వ, బొచ్చె నిలువ నీళ్లలో గుడ్లు పెట్టవు, అందుకే ఏటా పిల్లలను తెచ్చి పోస్తున్నరు. జెల్ల, పరక, కొరమట్ట అట్ల కాదు. మన చెరువులో వాటంతట అవే పెరగాలె.

అందులో కొరమట్ట మన రాష్ట్ర చేప. గుడ్లు పెట్టి వదిలేసి పోదు. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే పెద్ద చేప కింద కాపలా ఉంటది. ఆ గుంపు మీద కప్ప బొమ్మ వేస్తే ఆకలి లేకున్నా ఎగిరి కొడుతది, పిల్లలను కాపాడుకోవడానికి. ఆరేడేళ్ల కింద నేనే అట్ల ఒకటి పట్టిన. రెండు కిలోలు తూగింది. ఇంట్ల అందరూ సంబురపడ్డరు. తెల్లారి అదే జాగకు పోతే పిల్లల గుంపు కనబడలేదు. కాపలా లేని పిల్లలు కొంగలకు, పెద్ద చేపలకు మేతే కదా. ఆ కూర ఇప్పటికీ గొంతులనే ఉన్నట్టుంటది.

"సంఘం వాళ్లు వలలతో క్వింటాళ్లు పడుతుంటే నా ఒక్క గాలంతో ఏమైతది?" అని అడుగుతరు. వాళ్లది బతుకుతెరువు, మనది సరదా. అయినా బతుకుతెరువు ఉన్నోళ్లు కూడా ఆగుతున్నరు. తూర్పు తీరంల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మరబోట్ల వేట బంద్. చేపల మీద బతికేటోళ్లు ఆగంగ, మనం ఆగలేమా?

"మిరుగు నాడు చేప తినకుంటే ఎట్ల?" అంటే, తప్పకుండా తిందాం. సాకిన చేపలు మార్కెట్ల ఉన్నయి.

నేను కోరేది మూడే. వాగు చెరువులో కలిసే కాడ రెండు నెలలు గాలం వేయొద్దు. పొట్టల గుడ్లున్న చేప పడితే మెల్లగ వదిలేయాలె. పిల్లల గుంపు కనబడితే అటు దిక్కు పోవద్దు.

ఇంకో మాట. తొలకరి అంటే పిడుగుల కాలం. ఇప్పటి పోరగాళ్ల చేతుల్ల కార్బన్ కర్రలున్నయి, వాటి గుండా కరెంటు పోతది. ఉరుము వినబడంగనే కర్ర కింద పెట్టి ఇంటికి నడవండి. చెట్టు కిందికి పోకండి. కరెంటు తీగల కింద కర్ర లేపకండి.

విత్తనానికి దాచిన వడ్లను ఎంత కష్టమొచ్చినా దంచుకోని రైతులం మనం. వాగుకు ఎదురెక్కే చేప కూడా చెరువుకు విత్తనమే.

మీ ఊరి చెరువుల కొరమట్ట ఇంకా ఉన్నదా, లేదా? కింద రాయండి.