గుఱ్ఱానికి బెల్లం పెట్టవచ్చునా?

ఉలవలను కన్నడిగులు హురుళి అంటారు. ఇంగ్లీషువారు ఆ గింజకు గుఱ్ఱం పేరే పెట్టారు. కనుక గుఱ్ఱానికి ఉలవను మించిన దాణా లేదని పావగడ ప్రాంతంలో మనవారి నమ్మకం. బండిలాగి చెమటోడ్చే గుఱ్ఱం మాటకు అది సబబే. తుమకూరు జిల్లాలో కుణిగల్ అశ్వశాల టిప్పు సుల్తాన్ కాలం నుంచీ పేరు వడసినది. కాని పందెపు గుఱ్ఱానికి వేసే దాణా, పెళ్లి ఊరేగింపునకు తప్ప గడప దాటని గుఱ్ఱానికి పనికిరాదు.

గుఱ్ఱాలకు గ్రంథుల జబ్బులు ముఖ్యంగా రెండు. మొదటిది, మెడపై కొవ్వు గట్టుకట్టి, ఇన్సులిన్ అదుపు తప్పడం. రెండవది, సాధారణంగా 15 ఏళ్లు దాటిన వాటికి పిట్యూటరీ గ్రంథి చెడడం. దీనిలో వెంట్రుకలు రాలక పొడవుగా పెరుగుతవి, కండ కరుగుతుంది, దాహం హెచ్చుతుంది. ఇన్సులిన్ మితిమీరితే గిట్టలోపలి పొరలు వాచి, గుఱ్ఱం అడుగు వేయలేదు. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు.

ఇటువంటి గుఱ్ఱానికి బెల్లం, తవుడు, రాగులు, ఉడికిన ఉలవలు మానవలె. ఎండుగడ్డిని అరగంట నుంచి గంటవరకు నీటిలో నానబెట్టి, ఆ నీరు పారబోసి, వెంటనే వేయవలె. గడ్డిలోని తీపి కొంత నీటితో పోతుంది. మన ఎండలకు ఎక్కువసేపు నానితే పులుస్తుంది. లవణాలూ కొంత పోతవి గనుక ఖనిజ మిశ్రమం కలపవలె. వేరుశనగ కట్టెకు బూజు కనబడితే దగ్గరకు రానీయరాదు.

బలిసినదని పస్తు పెట్టరాదు. రక్తంలో కొవ్వు పెరిగి ప్రమాదం. 300 కిలోల గుఱ్ఱానికి, నానబెట్టక ముందు తూచిన ఎండుగడ్డి రోజుకు సుమారు 4½ కిలోలు, మూడు నాలుగు విడతలుగా చాలును. చిక్కిపోయిన ముసలిదానికి ఈ లెక్క వర్తించదు. దానికి గడ్డి తగ్గించక, గింజలకు మారుగా కొంచెం నూనె అలవాటు చేయవచ్చును.

పిట్యూటరీ జబ్బు మేతతో నయం కాదు. పెర్గోలైడ్ అనే మందు అదుపులో ఉంచుతుంది. కుంటు కనబడిన రోజుననే పశువైద్యునికి చూపవలె.

పండుగనాడు ముద్దుకొద్దీ పెట్టే బెల్లపుముక్కే నోరులేని జీవికి నడక లేకుండా చేయవచ్చును. ఆ ముద్దును మెడ నిమిరి తీర్చుకొందము.