రుట్టేగారి బైసికిలు

2024 జూలై 2వ తేదీన మార్కు రుట్టేగారు నెదర్లాండ్సు ప్రధానిపదవిని డిక్ స్కూఫ్‌గారికి అప్పగించి, హేగు నగరములోని తమ కార్యాలయమునుండి బైసికిలుపై వెడలిపోయిరి. ఆ దృశ్యము రెండు మూడు దినములలో లోకమంతయు చుట్టివచ్చినది. మన దేశమునందును దానిని జూచి, మన మంత్రుల మోటారుబారులను దలచుకొని నిట్టూర్చినవారు పెక్కుమంది. ఆ నిట్టూర్పును మేము తప్పుపట్టము. కాని 2010 మొదలు దాదాపు పదునాలుగేండ్లు ఒక రాజ్యమును నడపిన పురుషుని చరిత్రములో విదేశపాఠకునకు దక్కినది ఆ బండి యొక్కటియేనా? 2018లో ఆయన చేతి కాఫీ నేలపై నొలికినప్పుడు తుడుపుకఱ్ఱ గైకొని తామే శుభ్రపఱచిన చిత్రమును ఇట్లే దేశదేశముల దిరిగినది.

ఆయన బైసికిలు 2021 జనవరి 15వ తేదీనను గానవచ్చినది. ఆనాడు దానినెక్కి రాజప్రాసాదమునకు బోయినది మంత్రివర్గ రాజీనామాను సమర్పించుటకు! శిశుపోషణకై సర్కారిచ్చు సహాయధనమును మోసముచేసి పొందిరని వేలకొలది తలిదండ్రులపై పన్నులశాఖవారు నిందమోపి, సొమ్మంతయు తిరిగి చెల్లింపుడని నిర్బంధించిరి. అప్పులపాలైనవారు, ఇండ్లు గోల్పోయినవారు, కాపురములు చెడినవారు ఎందఱో. వారిలో విదేశమూలముగల కుటుంబములు మిక్కుటము. 2020 డిసెంబరులో పార్లమెంటు విచారణసంఘము దీనిని కనివిని యెఱుగని యన్యాయమని పేర్కొన్నది. ఈ వార్త విదేశపత్రికలలో రాకపోలేదు; వచ్చి, కొలదిదినములుండి పోయినది. మార్చి ఎన్నికలలో మరల ఆయన పక్షమే ప్రథమస్థానమున నిలువగా, ఏ మరకయు నంటని ‘టెఫ్లాన్’ మార్కు అను ముద్దుపేరు మాత్రము మిగిలినది.

2024 అక్టోబరు 1న ఆయన నాటో ప్రధానకార్యదర్శియైరి. 2025 జూనులో హేగు సభాసమయమున ట్రంపుగారినిగూర్చి ‘డాడీ’ యని పలుకగా పత్రికలు దానినే పట్టుకొని వ్రేలాడినవి. సభ్యరాజ్యములు 2035 నాటికి జాతీయోత్పత్తిలో నూటికి 5 వంతులు రక్షణకును తత్సంబంధ వ్యయములకును వెచ్చింపవలెనని ఆ సభయందే తీర్మానమైనది. ఆ సొమ్ము ఏ పద్దునుండి వచ్చునను ప్రశ్న ‘డాడీ’ ముందు వెలవెలబోయినది.

మనకు దగ్గఱి విషయము వేఱొకటి కలదు. 2022 డిసెంబరు 19వ తేదీన రుట్టేగారు బానిసవ్యాపారమునకై తమ ప్రభుత్వము తరపున క్షమాపణ చెప్పిరి. శీర్షికలలో సురినామ్, కరిబియను దీవులే ముందు నిలిచినవి. అది న్యాయమే, డచ్చివారు అట్లాంటిక్ దాటించిన ఆఫ్రికనుల సంఖ్య ఆఱులక్షలకు పైమాట. కాని ఆ యుపన్యాసములోనే, డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఆసియాయందు 6,60,000 మొదలు పదిలక్షలకు మించి మనుష్యులు క్రయవిక్రయములపాలైరనియు, సరియైన లెక్కయే తెలియదనియు ఆయన చెప్పియున్నారు. ఈ వాక్యమును మన పత్రికలైనను పెద్దయక్షరములతో ముద్రించినట్లు మాకు గుర్తులేదు.

పదునేడవ శతాబ్దపు కఱవులలో చోళమండల తీరమున తిండికై అమ్ముడుపోయిన జనులను కొని, ఓడలకెక్కించి బటావియాకు తరలించినది ఆ కంపెనీయే. మన పెద్దలు డచ్చివారిని వలందులనిరి. బందరులోని వలందపాలెము నేటికిని ఆ పేరు మోయుచునే యున్నది. లండనునుండియు న్యూయార్కునుండియు వచ్చిన వార్తను తెనిగించి వేసికొనుట మనకు వాడుక. అందు చోళమండలము లేనిచో మన పుటలోను ఉండదు. ఆ డిసెంబరులో ఒక విలేఖరిని వలందపాలెమునకు పంపియుండినచో, మనవారికయ్యెడి వ్యయము బస్సుచార్జీ మాత్రమే.