కిచెన్ మిక్సర్ ట్యాప్ కొంటున్నారా? ఫినిష్ తర్వాత, ముందు ట్యాంకు ఎత్తు కొలవండి

ఆన్‌లైన్‌లో ఏ కిచెన్ మిక్సర్ ట్యాప్ రివ్యూలు చూసినా ఒక విచిత్రం కనిపిస్తుంది. అదే మోడల్‌కి ఒకరు ఫ్లో సూపర్ అని 5 స్టార్లు ఇస్తారు, ఇంకొకరు నీళ్లే రావట్లేదని 1 స్టార్ ఇస్తారు. నన్నడిగితే చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరిది గ్రౌండ్ ఫ్లోర్, ఇంకొకరిది టాప్ ఫ్లోర్ అయ్యుంటుంది, అంతే.

లెక్క చాలా సింపుల్. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు 1 బార్ ప్రెషర్. డాబా మీద ట్యాంకులోని నీటి మట్టానికి, మీ సింక్ ట్యాప్‌కి మధ్య 3 మీటర్లే ఉంటే మీకు వచ్చేది 0.3 బార్. అదే ట్యాంకు కింద నాలుగు అంతస్తులు దిగితే, అంతస్తుకి 3 మీటర్ల చొప్పున, 1.5 బార్. పైపులో, మలుపుల్లో పోయేది ఇంకా తీసేయాలి. ఇప్పుడు మీకు నచ్చిన ఆ పుల్-అవుట్ మిక్సర్ స్పెక్ షీట్ తెరవండి. మినిమమ్ ప్రెషర్ 0.5 బార్ అనో 1 బార్ అనో ఏదో మూలన ఉంటుంది. ఫోన్‌కి ఛార్జర్ వాట్స్ చూడకుండా కొనం కదా, ఇక్కడ మాత్రం బ్లాక్ మ్యాట్ ఫినిష్ చూసి వేలకు వేలు పెట్టేస్తాం. తర్వాత ప్లంబర్ వచ్చి బూస్టర్ పంపు పెట్టించమంటాడు. అంటే ట్యాప్ కోసం మోటారు కొనాలన్నమాట!

మా ఊళ్లో ఇంటికి ట్యాప్ మార్చాల్సి వచ్చినప్పుడు అమ్మ పుల్-అవుటే కావాలంది, అక్క వాళ్ల ఫ్లాట్‌లో చూసింది. మాది ఒకే అంతస్తు. టేపుతో కొలిస్తే 3.2 మీటర్లు. సన్నటి హోస్, కార్ట్రిడ్జ్, స్ప్రే హెడ్ అన్నీ దాటి ఆ కాస్త ప్రెషర్‌తో ఏం వస్తుంది? రోజుకి మూడు పూటలా గిన్నెలు తోమేది ఆవిడ. వంటింట్లో వేడి నీళ్ల లైనే లేదు కాబట్టి, గోడకి బిగించే మామూలు స్వివెల్ సింక్ కాక్ పెట్టించాను. ధార బాగుంది. అమ్మకి మాత్రం ఇప్పటికీ ఆ పుల్-అవుట్ మీదే మనసు.

ఎత్తు కొలిచాక బకెట్ టెస్ట్ కూడా చేయండి. సింక్ కింద యాంగిల్ కాక్ నుంచి హోస్ విప్పి, నేరుగా 10 లీటర్ల బకెట్ నింపి టైమ్ చూడండి. ఎత్తు బాగానే ఉండి బకెట్ మెల్లగా నిండుతుంటే సమస్య ట్యాప్‌ది కాదు, పైపులో ఉప్పు పేరుకుని ఉంటుంది, లేదా ఏదో వాల్వ్ సగమే తెరిచి ఉంటుంది. బకెట్ త్వరగా నిండి, పాత ట్యాప్‌లో మాత్రం సన్నగా వస్తుంటే ముందు దాని ఏరేటర్ విప్పి వెనిగర్‌లో నానబెట్టండి. బోరు నీళ్ల ఇళ్లలో కొత్త ట్యాప్ అవసరమే రాకపోవచ్చు.

గీజర్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. చన్నీళ్ల లైన్‌కి మాత్రమే బూస్టర్ పెట్టించకండి. సింగిల్ లీవర్ మిక్సర్‌లో రెండు లైన్లూ కలుస్తాయి కాబట్టి, ఎక్కువ ప్రెషర్ ఉన్న చన్నీళ్లు వేడి నీళ్లని వెనక్కి నెట్టేస్తాయి. పెడితే రెండింటికీ పెట్టించండి, నాన్-రిటర్న్ వాల్వ్‌లతో సహా.