ప్లస్ నొక్కండి, తెల్లరంగు పూయకండి

తెలుగులో ఫొటోకి రెండు క్రియలు ఉన్నాయి. నేను ఫొటో తీస్తాను, అమ్మమ్మ ఫొటో దిగుతుంది. ఎక్కడి నుంచి దిగుతుందో నాకు ఎవరూ చెప్పలేదు కానీ ఆ మాట నాకు చాలా ఇష్టం. ఇవాళ దిగేవాళ్ళ తరఫున రాస్తున్నాను.

మన ఇళ్ళల్లో ఫొటో చూడగానే వచ్చే మొదటి మాట మీకూ తెలుసు: "అయ్యో, నల్లగా పడ్డాను!" వెంటనే ఎవరో ఒకరు ఫోన్‌లో ఆ మొహాన్ని తెల్లగా చేసేస్తారు. నాకు ఇది అస్సలు నచ్చదు. మా అమ్మమ్మది చామనచాయ. అంటే మరీ నలుపూ కాదు, మరీ తెలుపూ కాదు. యాప్ పని అయ్యాక ఆ రంగు ఉండదు, ముడతలు ఉండవు, గడ్డం మీద పుట్టుమచ్చ కూడా ఉండదు. రేపు మా పిల్లలకి "మీ తాతమ్మ ఈవిడే" అని ఏ మొహం చూపించాలి?

అసలు తప్పు మొహంలో లేదు, కెమెరా లెక్కలో ఉంది. చిన్న కెమెరాకి తన ముందు ఉన్నది మంచో మనిషో సరిగ్గా తెలియదు. మొత్తం వెలుతురు కొలిచి, సగటున మధ్యస్థమైన బూడిద రంగు వచ్చేలా ఫొటో తీస్తుంది. ఇక్కడ మిసిసాగాలో సంక్రాంతి అంటే జనవరి. అమ్మమ్మ గ్యారేజీ లోపల ముగ్గు వేసి, తలుపు తెరిచి గుమ్మం దగ్గర నిలబడుతుంది. వెనక అంతా మంచు. "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని కెమెరా అంతా తగ్గించేస్తుంది. మంచు బూడిద రంగులో వస్తుంది, అమ్మమ్మ మొహం నీడలా వస్తుంది. తెల్ల గోడ ముందు నిలబడినా, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నా ఇదే కథ.

దీనికి మందు మీ కెమెరాలోనే ఉంది. ప్లస్, మైనస్ గుర్తులు పక్కపక్కనే ఉన్న బటన్ కోసం వెతకండి. బటన్ లేకపోతే మెనూలో ఉంటుంది. ప్లస్ 1 అంటే కెమెరా అనుకున్న వెలుతురుకి రెట్టింపు. ఇంట్లో తెల్ల గోడ ముందు మూడింట రెండు వంతులు పెంచితే చాలాసార్లు సరిపోతుంది. గోడ మరీ తెల్లబోతే పోనివ్వండి, మనకి కావలసింది మనిషి.

వీలైతే మనిషినే కిటికీ వైపు తిప్పండి, అది ఇంకా మంచిది. కానీ పెద్దవాళ్ళని అటు ఇటు జరపడం నాకు కష్టం, పైగా "ఎన్నిసార్లు లేవాలే" అంటారు. ఫ్లాష్ గురించి ఎక్కువ చెప్పను. చిన్న కెమెరా ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటి పెద్దగా పనిచేయదు, దగ్గరైతే నుదురు మెరిసిపోతుంది. బ్యూటీ మోడ్ ఉంటే ముందు అది ఆపండి.

"అదీ తెల్లగా చేయడమే కదా" అని మా కజిన్ వాదించింది. కాదు. యాప్ రంగు మారుస్తుంది. ప్లస్ బటన్ కెమెరా దాచిన రంగుని బయటికి తెస్తుంది, అమ్మమ్మ చామనచాయ చామనచాయగానే ఉంటుంది.

మంచులో నేను ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టి, తెరలో చూసి మారుస్తాను. అయ్యాక మళ్ళీ సున్నాకి తిప్పండి. కొన్ని కెమెరాలు ఆ అంకెని గుర్తుపెట్టుకుని, మర్నాటి ఫొటోలన్నీ పాలిపోయేలా తీస్తాయి.